బయటికి తెరుచుకునే తలుపు

పోయిన నెల వానలకు నా బాత్రూం తలుపు ఉబ్బి పట్టేసింది. సరిచేయడానికి వచ్చిన వడ్రంగి దాన్ని రెండుసార్లు లాగి, మూసి, తల గోక్కున్నాడు.

"ఎవరు పెట్టిచ్చిన్రమ్మా దీన్ని? ఉల్టా పెట్టిన్రు. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకోవాలె గదా. బందులు తిప్పి సీదా చెయ్యాల్నా?"

"ఏం తిప్పొద్దు. పట్టేసిన కాడ చిత్రిక పట్టి పో."

"బయటికి తీస్తే వాషింగ్ మిషన్‌కు కొట్టుకుంటదమ్మా."

కొట్టుకుంటుందని నాకు తెలుసు. రోజుకు నాలుగుసార్లు కొట్టుకుంటుంది. మిషన్ మూల మీద రంగు లేచిపోయి తుప్పు కనబడుతోంది. ఆ తలుపు మీద నాకున్న ఫిర్యాదులన్నీ చెబితే వడ్రంగికి అన్నం వేళ దాటిపోతుంది. అయినా అవి వినవలసిన మనిషి అతను కాదు. వినవలసిన మనిషి పోయి ఏడాది దాటింది. పోయాక పదకొండు రోజుల దాకా నాకెవరూ చెప్పలేదు. అది కూడా నేను మర్చిపోలేదు.

ఆయన్ని అందరూ డ్రాయింగ్ సార్ అనేవాళ్లు. పేరు నేను అడగలేదు. ఆయన కూడా నా పేరు అడగలేదు.

నాచారంలో నాకు ఎనభై గజాల జాగా ఉంది. అక్కడి ఫ్యాక్టరీల్లో ఒకదాని స్టోర్స్‌లో ఇరవై ఎనిమిదేళ్లు నట్లూ బోల్టులూ అందించి కొనుక్కున్నది. ఇల్లు కట్టుకునేదాకా రామంతాపూర్‌లో తమ్ముడి ఇంట్లో ఒక గది నాది. మేనల్లుడికి పెళ్లి కుదిరినప్పుడు వాడు నా దగ్గరికి వచ్చి, "అత్తా, నువ్వు హాల్ల పండుకో. టీవీ గూడ చూసుకోవచ్చు" అన్నాడు. ఏదో నాకు మేలు చేస్తున్నట్టు. ఆ వారమే ప్లాన్ గీసేవాళ్ల కోసం తిరగడం మొదలుపెట్టాను.

మొదటి ఇంజనీరు సగం ఇల్లు కిరాయికి పెట్టి గీశాడు. రెండో ఇంజనీరు మూడు పడక గదులు పెట్టాడు. ఎందుకు అని అడిగితే, "రేపు ఎవరన్నా వస్తే ఉండాలె గదా మేడం" అన్నాడు. ఎవరొస్తారో చెప్పమన్నాను. అతని కాగితం అతనికే ఇచ్చి వచ్చేశాను.

ఆ తర్వాత ఎవరో ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ల పక్కనున్న జిరాక్స్ దుకాణం చెప్పారు. లోపల లామినేషన్ మిషన్ పక్కన ఒక టేబుల్, దాని మీద ఒక కంప్యూటర్, దాని వెనుక ఆయన. అరవై దాటిన బక్కపల్చటి మనిషి. నాచారంలోనే ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. ఆ నీలం యూనిఫాం చొక్కాలే ఇంకా వేసుకునేవాడు. జేబు మీద కంపెనీ గుర్తు విప్పేసిన చోట గుడ్డ వెలిసిపోకుండా ముదురు నీలంగా, నలుపలకలుగా మిగిలింది. ఏళ్లుగా మౌస్‌తోనే గీస్తున్నా చెవి మీద పెన్సిల్ ఉండేది. జేబులో చిన్న టేపు. ఎదుట ఏది పెట్టినా దాన్ని కొలిచేవాడు. హెల్మెట్ పెడితే హెల్మెట్‌ను, సంచి పెడితే సంచిని. ఎవరినీ అడిగేవాడు కాదు.

"ఇంట్ల ఎంతమంది?"

"నేనే."

"ఇంకా?"

"ఇంకా లేరు. నేనే."

ఇక్కడ అందరి ముఖమూ ఒకలాగే మారుతుంది. నేను జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన ముఖం మారలేదు. మౌస్ దగ్గరికి లాక్కున్నాడు.

"అట్లయితే ముందుగాల బాత్రూం గీద్దాం."

ఎవరైనా ఇంటి ప్లాన్ వాకిలితో మొదలుపెడతారు. తూర్పా, ఉత్తరమా అని అడుగుతారు. ఈయన బాత్రూంతో మొదలుపెట్టాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తరు అని అడిగాడు. మంచం ఏ పక్క నుంచి దిగుతరు, మోకాళ్లెట్ల ఉన్నయి అన్నాడు. జిరాక్స్ కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు నా మోకాళ్ల వైపు చూశారు.

"నేను ఇల్లు కట్టుకోనీకి వచ్చిన. దవాఖానల చేరనీకి కాదు."

"రెండిట్ల బాత్రూం ఉంటది మేడం," అన్నాడు తల ఎత్తకుండా.

లేచి వచ్చేశాను. నా ఇల్లు నేనే గీసుకుంటానని షేర్ ఆటోలోనే నిశ్చయించుకున్నాను.

మేనల్లుడు కొత్త లాప్‌టాప్ కొనుక్కుని పాతది నా వైపు తోశాడు. దాంట్లో ఇంటి ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే దించుకున్నాను. మొదటిది నెల రోజులు ఉచితం. గోడ గీయడం ఎక్కడుందో నాకు తెలిసేసరికి నెల అయిపోయింది. రెండోదాంట్లో పన్నెండు రకాల సోఫాలు, పియానో, చలి కాచుకునే పొయ్యి, ఈత కొలను ఉన్నాయి. గ్యాస్ బండ లేదు, సంపు లేదు, అంట్లు తోముకునే జాగా లేదు. ఆ కంపెనీకి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని ఒక్క వాక్యం వచ్చింది. మనిషి రాసింది కాదు. నేను తిరిగి రాశాను. మళ్లీ అదే వాక్యం వచ్చింది.

మూడోదాంట్లో నా ఇల్లు పూర్తయింది. ఎవరి సాయం లేకుండా, మూడు వారాలు కూర్చుని గీశాను. ప్రింట్ తీయించడానికి దగ్గర్లో మరో దుకాణం లేక ఉప్పల్‌లో అదే దుకాణానికి వెళ్లాను. కాగితం బయటికి వచ్చింది. డబ్బు కట్టని వాళ్లకు వేసే బూడిదరంగు ముద్ర ఒకటి వంటగది నుంచి పడకగది దాకా అడ్డంగా పడి ఉంది. అది చూసి నేను నోరు తెరిచేలోపు ఆయన పక్క నుంచి వంగి చూశాడు.

"మేడం, ఇది మీ జాగా కాదు."

"నాదే. ఎనభై గజాలు."

"ఈ వంటింట్ల పెండ్లి భోజనాలు పెట్టొచ్చు. మీరు పది అని కొట్టిన్రు. అది మీటర్లనుకున్నది." టేపు తీసి మూడడుగులు లాగి, ఇంకొంచెం లాగాడు. "ఇగో, మీ అడుగు ఒక్కొక్కటి ఇంత అయింది."

దుకాణం యజమాని నవ్వాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది. డ్రాయింగ్ సార్ మాత్రం నవ్వలేదు. నా లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకున్నాడు.

"దీంట్ల తలుపు తిప్పి చూపెట్టుండ్రి."

చూపెట్టాను. నాలుగు చోట్ల నొక్కి, ఒక కోణం అంకె వేస్తే గాని తిరగలేదు.

"తీసెయ్యుండ్రి దీన్ని," అన్నాడు. "గోడ ఎవడన్న గీస్తడు. తలుపు ఎటు తెరుచుకుంటదో ఒక్క నొక్కుడుకు మారాలె. అదొక్కటే నేను చూసేది."

తర్వాత తెలిసింది, ఆయనకూ అదే అవసరమని. దుకాణం కంప్యూటర్‌లో ఉన్న పెద్ద సాఫ్ట్‌వేర్ ఎవరో ఎక్కించిన దొంగ కాపీ. అది ఒకరోజు తెరుచుకోవడం మానేసింది. అసలుది కొనడం ఆయన వల్ల కాదు. కొనగలిగేది, ఆయన కళ్లకు కనబడేది, నాకు అర్థమయ్యేది ఒకటి కావాలి. అలా సోమవారం, గురువారం ఆ టేబుల్ దగ్గర నేనూ కూర్చోవడం మొదలైంది.

ఆయన దగ్గర ఒక బడి నోట్‌బుక్ ఉండేది. చూసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు అందులో రాసేవాడు కాదు, గుణాలు రాసేవాడు. మీటర్లది. సోఫాలది. ముద్రలది. నెట్టు లేకపోతే సచ్చేది. ఏది తెచ్చినా ముందు ఒక మంచం పెట్టేవాడు, ఆ తర్వాత మంచం నుంచి బాత్రూం దాకా దారి, ఆ తర్వాతే గోడలు. ఒకదాంట్లో ఇంట్లో నడిచి చూపించే బొమ్మ మనిషి ఉండేవాడు. వాడికి మామ అని పేరు పెట్టాడు.

"మామను లోపలికి పంపుదాం."

మామ వాకిట్లోంచి రావలసింది, గోడలోంచి వచ్చాడు. బాత్రూంలోంచి నేరుగా వంటింట్లోకి వెళ్లాడు.

"మామకు సిగ్గు లేదు," అని నోట్‌బుక్‌లో రాసుకుని మూసేశాడు.

చాయ్ ఎప్పుడూ వన్ బై టూ చెప్పేవాడు. నాకు మర్యాదకైనా నిండు కప్పు చెప్పడే అని మొదటి నెలంతా మనసులో పెట్టుకున్నాను. ఒకరోజు అడిగేశాను.

"నిండు కప్పు చెప్తే మీ సొమ్మేం పోతది?"

"నాకు సగమే పడ్తది మేడం. ఎన్నో ఏండ్ల సంది సగం పారబోస్తున్న. ఒక్కనికి వన్ బై టూ ఇయ్యరు."

ఆ సగం కప్పు మీద నాకున్న ఫిర్యాదు అక్కడితో వెనక్కి తీసుకున్నాను. అలాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ.

చివరికి బక్కది దొరికింది. నోట్‌బుక్‌లో దాని పేరు అదే. రెండు రకాల గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ, ఒక మంచం, అంతే. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా అడగదు. అడుగులు, అంగుళాలు తెలుసు. గ్యాస్ బండ దాంట్లోనూ లేదు, కానీ గుండ్రంగా గీసి పక్కన బండ అని రాసుకోనిస్తుంది. తలుపు మీద నొక్కితే ఇటుది అటు తిరుగుతుంది. ఆయన దాన్ని పదిసార్లు ఇటూ అటూ తిప్పి చూశాడు.

"చాలు మేడం. మిగిలింది ఉన్నట్టు మనమే అనుకుందాం."

నా ఇల్లు దాంట్లో గీశాం. ఒక పడకగది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకొచ్చి తెరిచి చూస్తే బాత్రూం తలుపు బయటికి తెరుచుకుని ఉంది. పొరపాటనుకుని నొక్కి లోపలికి తిప్పాను. గురువారం ఆయనకు ఇచ్చాను. సోమవారం మళ్లీ బయటికి ఉంది. నేను మళ్లీ తిప్పాను. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆరు వారాలు ఇదే జరిగింది. మంచి సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నందుకు ఇద్దరికీ ఒక్క నొక్కుడే పట్టేది.

ఏడో వారం నేను టేబుల్ మీద చెయ్యేసి అడిగాను.

"ఇల్లు నాదా, మీదా?"

"మీదే."

"మరి తలుపెందుకు తిప్పుతున్నరు? నడవనీకి అడ్డం వస్తది. ఎవరింట్ల ఉంది ఇట్ల?"

ఆయన చెవి మీది పెన్సిల్ తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన అలా చేయడం అదే మొదటిసారి చూశాను.

"మౌలాలిల మా అక్క ఒక్కతే ఉంటుండె. బావ పోయినంక ఇల్లు కట్టుకున్నది. ప్లాను నేనే గీసిన, అందరు గీసినట్టే. ఒకరోజు పొద్దున పోతే బాత్రూంల నుంచి మూలుగుడు. పడ్డది. తలుపుకు ఆనుకుని పడ్డది. లోపలికి తెరుచుకునే తలుపు గదా, నూకితే ఆమెకే తాకుతది. నాలుగు వేళ్ల సందు అయింది, అంతే. లోపల్నించి 'నూకకురా, నొస్తుంది' అంటది. వడ్రంగిని పట్టుకొచ్చి చౌకట్టు కోపిచ్చేసరికి గంటన్నర."

"బతికిందా?"

"దవాఖాన దాకా బతికింది."

లామినేషన్ మిషన్ ఎవరిదో ఆధార్ కార్డును నెమ్మదిగా బయటికి తోస్తోంది. మేమిద్దరం దాన్నే చూశాం. అక్కడితో నేను ఊరుకుని ఉండవలసింది. కానీ ఆ మాట నా గొంతులో చాలా రోజులుగా ఉంది.

"మీ అక్కకు తలుపవతల మీరున్నరు. నా తలుపు ఎటు తెరుచుకుంటే ఏంది? తీసేటందుకు ఎవరున్నరు?"

"ఎవరికన్న ఒక తాళంచెవి ఇయ్యాలె మేడం. తలుపు సగం పనే చేస్తది. తాళంచెవి మిగతా సగం."

"ఎవరికియ్యాలె?"

ఆయన నా వైపు చూశాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మీరు కొట్లాడని మనిషి ఎవరన్న ఉన్నరా?"

నా మేనల్లుడి మాట కంటే, దుకాణదారు నవ్వు కంటే ఆ మాట ఎక్కువ తగిలింది. పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేశాను. సోమవారం వెళ్లలేదు. గురువారం వెళ్లలేదు. అలా రెండు నెలలు గడిచాయి. ఇంటి పని మొదలుపెట్టే ముందు, తలుపు లోపలికి తిప్పి, ఫైలు సేవ్ చేసి, ఆయన టేబుల్ దగ్గర లేని వేళ చూసుకుని దుకాణానికి వెళ్లాను. పెద్ద కాగితం మీద తీసి ఉంచమని పెన్‌డ్రైవ్ యజమానికి ఇచ్చాను. మర్నాడు మేస్త్రీనే పంపి ప్రింట్ తెప్పించి, విప్పి చూడకుండా అతని దగ్గరే ఉంచాను.

పునాది తవ్వుతున్న రోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త లేడు, కోడలు పనికి పోతుంది. "ఒక్క పానానికి ఇంత ఇల్లా?" అంది మేస్త్రీతో, నాకు వినబడేలా. తర్వాత ఆమె వాకిలి కడిగిన నీళ్లు నా ఇసుక మీదికి వచ్చాయి. మున్సిపాలిటీకి రెండు ఫిర్యాదులు పెట్టాను. అప్పటి నుంచి మాటల్లేవు.

పింఛన్ ఆఫీసులో ఒక ఫిర్యాదు మీద తిరుగుతున్న రోజు మేస్త్రీ చౌకట్లు నిలబెట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే బాత్రూం చౌకట్టుకు తలుపు కూర్చునే గాడి బయటివైపు ఉంది.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ప్లాన్ల గట్లనే ఉంది గదమ్మా."

ప్రింట్ విప్పి చూశాను. తలుపు గీత బయటికి వంగి ఉంది. మర్నాడు ఉప్పల్‌కు వెళ్లాను. ఆటోలో కూర్చుని అనవలసిన మాటలన్నీ వరసగా పెట్టుకున్నాను. నా ఇంట్లో, నా అనుమతి లేకుండా, నా వెనక. ఒక్కటీ మర్చిపోకూడదని రెండుసార్లు చెప్పుకున్నాను.

టేబుల్ మీద కంప్యూటర్ లేదు. లామినేషన్ కవర్ల డబ్బాలు పేర్చి ఉన్నాయి.

"మీకు తెల్వదా మేడం?" అన్నాడు యజమాని. "సార్ పోయి పదకొండు రోజులాయె."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ నంబరు లేదు మేడం. సార్ ఫోన్ల గూడ వెతికిన. మీ పేరు తెల్వకపాయె."

నంబరు నేనే ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో అతని మీద ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకలేదు.

డ్రాయింగ్ సార్ రామంతాపూర్‌లో ఒక ఇంటి మిద్దె మీద ఒక్క గదిలో ఉండేవాడట. రెండేళ్ల కిందటే తాళంచెవి ఒకటి ఇతనికి ఇచ్చి, పదింటికి టేబుల్ కాడికి రాకపోతే వచ్చి చూడు అన్నాడట.

"పది దాటింది, పోయిన. మంచం మీదనే ఉండె, నిద్రలనే. పదిన్నరకల్ల తెలిసింది మేడం, లేకపోతే ఎన్ని దినాలకో."

నా చేతిలో ప్రింట్ చుట్ట చూసి అన్నాడు.

"అది సార్ తీసిందే. తీసే ముందు ఒక్క నొక్కుడు నొక్కిండు. ఏందని అడిగితే, మేడం తప్పు గీసింది, సరి చేసిన అన్నడు."

తిరిగి నాచారం దాకా నడిచే వచ్చాను. దూరమే, కానీ ఆటోలో ఎవరి పక్కనా కూర్చోబుద్ధి కాలేదు. అన్ని మాటలు పేర్చుకుని వెళ్లాను. ఒక్కటీ ఖర్చు కాలేదు. వినేవాడు లేకపోతే కోపం ఎంత బరువుంటుందో ఆరోజు తెలిసింది.

మేస్త్రీ అడిగాడు, చౌకట్టు తీసి తిప్పమంటారా అని. సిమెంటు పట్టేసింది, ఇప్పుడు తీస్తే గోడ పాడవుతుంది అన్నాను. అప్పటికి సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

ఇంట్లో చేరిన మొదటి వారంలో, ఒక పొద్దున, నేను గోడ అవతలికి వెళ్లి పక్కింటి గేటు కొట్టాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి గేటు మూయబోయి ఆగింది. తాళంచెవి ముందుకు చాపాను.

"ఏందిది?"

"నా ఇంటి తాళంచెవి."

"నాకెందుకు?"

"లోపల గడియ పెట్టను, తాళమే వేసుకుంట. రోజు ఏడింటికి వాకిలి ఊడుస్త. ఏడున్నరకు గూడ చీపురు చప్పుడు వినరాకపోతే వచ్చి తియ్యి. బాత్రూం తలుపు బయటికి గుంజాలె, నూకొద్దు."

ఆమె తాళంచెవి వైపు, నా వైపు చూసింది.

"ఆఫీసోళ్లను నా మీదికి తోలినవ్. మనకు మాటల్లేవు గదా?"

"మాట్లాడుమంటలేను. తలుపు తియ్యిమంటున్న."

తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుంది. వస్తుంటే వెనక నుంచి అంది, "నీళ్లు అటు రాకుంట చిన్న కట్ట కట్టిపిస్త తియ్." ఇంకా కట్టించలేదు. మూడో ఫిర్యాదు రాసి పెట్టాను. పంపలేదు.

వడ్రంగి చిత్రిక పట్టి, పొట్టు ఊడ్చి వెళ్లాడు. తలుపు ఇప్పుడు తేలిగ్గా తెరుచుకుని, ఇంకా గట్టిగా మిషన్‌కు కొట్టుకుంటోంది.

రోజూ ఏడింటికి వాకిలి ఊడుస్తాను. ఊడవడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, చెట్టు లేదు, పిల్లలు లేరు. అయినా చీపురును కావలసినదానికంటే గట్టిగా నేలకేసి కొడతాను. గోడ అవతల ఆమె ఒకసారి దగ్గుతుంది. అప్పుడు లోపలికి వచ్చి చాయ్ పెట్టుకుంటాను. సగం తాగుతాను.